తెలియదని చెప్పే పెట్టె

సెస్నా 172 అనే నాలుగు సీట్ల విమానం 1956లో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. ఇప్పటిదాకా 44 వేలకు పైగా తయారయ్యాయి. ప్రపంచంలో మరే విమానమూ అన్ని తయారు కాలేదు. 1986లో కంపెనీ తయారీ ఆపేసి, పదేళ్ల తర్వాత మళ్లీ మొదలుపెట్టింది. ఆపేయక ముందు తయారైనవే ఇప్పటికీ చిన్న ఊళ్ల ఎయిర్‌పోర్టుల్లో, రేకుల హ్యాంగర్లలో ఎక్కువగా కనిపిస్తాయి. వాటిలో చాలావాటికి నడిపేవాళ్ల కంటే వయసెక్కువ. జాగ్రత్తగా చూసుకుంటే అల్యూమినియం రెక్కలు దశాబ్దాలు నిలుస్తాయి. ఇంజిన్ విప్పి ఓవర్‌హాల్ చేయించవచ్చు. వెలిసిన రంగు గీకించి కొత్తది వేయించవచ్చు. ముందుగా ముసలిదైపోయేది పైలట్ కళ్లెదుట ఉండే ప్యానెల్. అందులోని జీపీఎస్ పెట్టెను మార్చాలా వద్దా అన్నది చిన్న విమానాల యజమానుల మధ్య ఏళ్ల తరబడి తెగని పంచాయితీ.

పంచాయితీకి మూలం డబ్బు. 2019లో గార్మిన్ కంపెనీ పాత విమానాల కోసం ప్రత్యేకంగా రెండు చిన్న పెట్టెలు తెచ్చింది. జీపీఎస్ 175 అప్పటి ధర 4,995 డాలర్లు. ట్రాన్స్‌పాండర్ కూడా కలిసి ఉన్న జీఎన్‌ఎక్స్ 375 అప్పటి ధర 7,995 డాలర్లు. అవి ఆ రంగంలో చవక సరుకు కిందే లెక్క. పైగా అది పెట్టె ఖరీదు మాత్రమే. యాంటెనా, వైర్లు, మెకానిక్ కూలీ వేరు. ఇంకోపక్క అదే యజమాని ఒళ్లో ఓ ట్యాబ్లెట్ ఉంటుంది. ఖరీదు కొన్ని వందల డాలర్లు. అందులో మ్యాపు మీద బుల్లి విమానం బొమ్మ కదులుతూ పోతుంది. కొండలు ఎర్రగా కనిపిస్తాయి, వాన పడేచోట పచ్చగా కనిపిస్తుంది, దగ్గర్లోని రన్‌వే ఎంత పొడవో కూడా ఉంటుంది. చూడ్డానికి ప్యానెల్లోని పెట్టె కంటే అదే బాగుంటుంది.

మరి వేలు పోసి కొనేది దేన్ని? ఎక్కడున్నామో చెప్పే తెలివినైతే కాదు. అది ట్యాబ్లెట్‌కూ ఉంది, జేబులోని ఫోన్‌కూ ఉంది.

తెలియని ఊళ్లో దారి అడిగితే రెండు రకాల మనుషులు ఎదురవుతారు. ఒకాయన తనకు తెలిసినా తెలియకపోయినా అరుగు మీద నుంచి చెయ్యి చాపి, ‘ఇలా నేరుగా పోండి’ అని ధీమాగా చెప్పేస్తాడు. రెండో ఆయన ఒక్క క్షణం ఆలోచించి, ‘నాకు సరిగ్గా తెలీదండీ, ఇంకొకరిని అడగండి’ అంటాడు. పగలు, ఎండలో, తీరుబడిగా ఉన్నప్పుడు మొదటి ఆయన వల్ల పెద్ద నష్టం లేదు. రన్‌వే ఇంకా కనబడని మబ్బులో, నేలకు రెండు మూడు వందల అడుగుల ఎత్తున ఉన్నప్పుడు మాత్రం రెండో ఆయనే కావాలి. ట్యాబ్లెట్ మొదటి రకం. ప్రభుత్వ ఆమోదం పొందిన పెట్టె రెండో రకం. ధరలోని తేడా అంతా ఆ ఒక్క గుణానిది.

జీపీఎస్ ఉపగ్రహాలు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. ఒక్కో ఉపగ్రహం తన గడియారంలో టైమెంతో ప్రకటిస్తూ ఉంటుంది. ఆ కబురు చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి రిసీవర్ దూరాలు లెక్కగడుతుంది. నాలుగు ఉపగ్రహాలు దొరికితే అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, వాటితోపాటు కచ్చితమైన సమయం తేలిపోతాయి. వాటిలో ఒకదాని గడియారం తప్పిందనుకుందాం. నాలుగే ఉంటే ఆ సంగతి బయటపడే దారి లేదు. జవాబు వస్తుంది, కానీ అది తప్పుడు జవాబు. అయిదో ఉపగ్రహం కూడా కనిపిస్తుంటే లెక్కలు ఒకదానికొకటి పొసగడం లేదని రిసీవర్ పసిగడుతుంది. ఆరోది కూడా ఉంటే తప్పు చెబుతున్నది ఏదో పట్టుకుని దాన్ని పక్కన పెడుతుంది. దీన్ని రెయిమ్ అంటారు. మబ్బుల్లో పరికరాల మీదే ఆధారపడి నడపడానికి, అంటే ఐఎఫ్‌ఆర్ ప్రయాణానికి, ఆమోదించే జీపీఎస్ రిసీవర్‌కు ఈ సొంత అనుమానం మొదటి నుంచీ తప్పనిసరి.

ఆ తర్వాతి మెట్టు వాస్. 2003 జూలైలో అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ దీన్ని ప్రారంభించింది. అమెరికా, కెనడా, మెక్సికోలలో 38 నేల స్టేషన్లు ఉన్నాయి. ప్రతిదాని స్థానమూ అంగుళాల లెక్కన తెలుసు. తమకు అందుతున్న జీపీఎస్ జవాబులో ఎంత తేడా ఉందో అవి నిరంతరం కొలుస్తుంటాయి. ఆ సవరణలు భూస్థిర కక్ష్యలోని ఉపగ్రహాల ద్వారా విమానాలకు చేరతాయి. సవరణల సంగతి అందరూ చెప్పుకుంటారు కానీ అసలు గొప్ప ఇంకోచోట ఉంది. ఏదైనా ఉపగ్రహం నమ్మదగనిదైతే ఆ హెచ్చరిక సుమారు ఆరు సెకన్లలో పైలట్ ముందుండాలి. ఆ హామీ ఉంది కాబట్టే ఎల్‌పీవీ అనే పద్ధతిలో, రన్‌వే కనబడకపోయినా నేలకు 200 అడుగుల ఎత్తుదాకా దిగి రావడానికి చాలాచోట్ల అనుమతి ఇచ్చారు. అంతకు ముందు ఆ పని చేయాలంటే రన్‌వే పక్కన, దిగే విమానానికి దారి చూపే ఐఎల్‌ఎస్ యాంటెనాలు నాటాలి. ఖరీదైన వ్యవహారం, చిన్న ఊరి ఎయిర్‌పోర్టుకు ఎవరూ పెట్టరు. ఎల్‌పీవీకి ఎయిర్‌పోర్టులో యాంటెనా ఒక్కటీ అక్కర్లేదు. అమెరికాలో ఇప్పుడు ఇలాంటి అప్రోచ్‌లు 4 వేలకు మించి ఉన్నాయి. మొక్కజొన్న చేల మధ్య ఒంటరిగా ఉన్న రన్‌వేకి కూడా పెద్ద నగరపు సౌకర్యం వచ్చింది.

అంత దూరం పోకుండా మన దగ్గర చూసినా ఇదే కథ. ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి కట్టిన గగన్ ఈ జాతి వ్యవస్థే. సవరణలు పంచే ఉపగ్రహాలు జీశాట్-8, జీశాట్-10, జీశాట్-15. మన ఆకాశంలో ఈ పని అమెరికాలో కంటే కష్టం. భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గర్లో ఉన్నాం కాబట్టి పై వాతావరణంలోని అయనోస్ఫియర్ మధ్యాహ్నాలు ఉబ్బుతుంది, పొద్దుగూకాక చెదిరిపోతుంది. దాన్ని దాటి వచ్చే జీపీఎస్ సంకేతం ఆలస్యమవుతుంది, ఒక్కోసారి తెగుతుంది. ఆ ఆలస్యాన్ని కొలిచి లెక్క తేల్చే పనిలో ఉస్మానియా విశ్వవిద్యాలయంలోని నావిగేషనల్ ఎలక్ట్రానిక్స్ పరిశోధన కేంద్రం, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయ అంతరిక్ష భౌతికశాస్త్ర పరిశోధకులు ఏళ్లపాటు శ్రమించారు. గగన్‌కు 2013 డిసెంబర్ 30న తొలి ధ్రువపత్రం, 2015 ఏప్రిల్‌లో ఎత్తు మార్గదర్శనంతో దిగడానికి ఆమోదం వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఇండిగో ఏటీఆర్ విమానం గగన్ సాయంతో ఎల్‌పీవీ పద్ధతిలో దిగింది. దేశంలో అదే మొదటిసారి.

ఇక ఆ పెట్టె అసలు విమానంలోకి ఎలా ఎక్కుతుందో చూడాలి. షాపులో ప్యానెల్ విప్పాక మొదట బయటపడేవి చచ్చిపోయిన వైర్లు. యాభై ఏళ్లలో ఎవరెవరో పెట్టించి, పీకించి, కొసలు మాత్రం లోపలే వదిలేసిన పరికరాల ఆనవాళ్లవి. ఏవియానిక్స్ మెకానిక్ సీటు తీసేసి, వెల్లకిలా పడుకుని, తల రడ్డర్ పెడల్స్ మధ్యలోకి దూర్చి, ఒక చేత్తో టార్చి పట్టుకుని వాటిని ఒక్కొక్కటిగా వెతుకుతాడు. ఏది ఎక్కడికి పోతోందో తేలాకే కత్తెర. తర్వాత విమానం పైకప్పుకి రంధ్రం పెట్టి కొత్త యాంటెనా బిగిస్తాడు. ప్యానెల్లో అల్యూమినియం ట్రే కూర్చోబెడతాడు. ఒక్కో వైరు చివర సన్నటి పిన్ను నొక్కి కనెక్టర్‌లో దాని నంబరు గడిలోకి ఎక్కిస్తాడు. రోజుల తరబడి సాగే ఈ పనికి ముగింపు మాత్రం నిమిషంలో అయిపోతుంది. పెట్టెను ట్రేలోకి తోసి, ముఖం మీదున్న చిన్న రంధ్రంలోంచి అలెన్ కీ పెట్టి తిప్పితే లోపలి కొక్కెం దాన్ని గట్టిగా లాక్కుంటుంది.

అప్పుడు కాగితాలు మొదలవుతాయి. పెద్ద మార్పు చేసినట్టు ఎఫ్‌ఏఏ ఫారం 337 నింపాలి. ఈ మోడల్ విమానానికి ఈ పెట్టె ఆమోదితమేనని చూపే పత్రం జతచేయాలి. విమానం ఖాళీ బరువు, గురుత్వ కేంద్రం మళ్లీ లెక్కగట్టి రాయాలి. చచ్చిన వైర్లు పీకినందుకు బరువు తగ్గినా సరే, ఆ తగ్గింది కూడా రాయాలి. ఫ్లైట్ మాన్యువల్‌కు అనుబంధం చేర్చాలి. తర్వాత డేటాబేస్ చందా. రన్‌వేలు, రేడియో ఫ్రీక్వెన్సీలు, దిగే దారుల వివరాలు ప్రతి 28 రోజులకూ మారతాయి, చందా కట్టినవాళ్లకే కొత్తవి వస్తాయి. విసుగొచ్చే తంతే కానీ దానికో అర్థం ఉంది. పెట్టె తన మీద తాను అనుమానపడితే చాలదు, పెట్టినవాడి పని మీద కూడా ఇంకొకరి కన్నుండాలి.

స్విచ్ వేశాక తెర మీద ముందుగా వచ్చే పేజీ కూడా ఒప్పుకోలే. డేటాబేస్ గడువు ఎప్పటిదాకా ఉందో, ఏది మీరిపోయిందో చూపించి, చూశానని పైలట్ బటన్ నొక్కేదాకా ముందుకు కదలదు. ఆకాశంలో ఉండగా తెర అడుగున ఒక మూల చిన్న అక్షరాలు కనిపిస్తుంటాయి. దూర ప్రయాణంలో ఉంటే ఒక మాట, ఎయిర్‌పోర్టు దగ్గరపడితే ఒక మాట, దిగే దారిలో ఎల్‌పీవీ. లెక్క కుదరకపోతే ఆ చోటనే పసుపు రంగు మీద హెచ్చరిక వస్తుంది. పాత జీఎన్‌ఎస్ 430లో ‘ఇంటెగ్’ అని, కొత్తవాటిలో ‘ఎల్‌ఓఐ’ అని. మ్యాపు బొమ్మంతా మామూలుగానే కనిపిస్తున్నా ఆ పసుపు ముక్క కనబడితే దిగడం మానేసి పైకి లేవాలని నియమం. ఆ వేల డాలర్లు అక్షరాలా ఆ పసుపు ముక్కకు పెట్టిన ఖర్చు.

ఆ జీఎన్‌ఎస్ 430 పేరు చెబితే పాత పైలట్ల గొంతు కాస్త మెత్తబడుతుంది. 1998లో వచ్చింది. రంగుల మ్యాపు, మాట్లాడే రేడియో, నేల మీది స్టేషన్లను వినే పాతకాలపు వీఓఆర్, ఐఎల్‌ఎస్ రిసీవర్లు అన్నీ ఒకే పెట్టెలో పెట్టిన సరుకు అది. తెరకు అటొకటి ఇటొకటి రెండు గుండ్రటి నాబ్‌లు, ఒక్కోదాంట్లో లోపలొకటి బయటొకటి. ఎయిర్‌పోర్టు పేరు అక్షరం తర్వాత అక్షరం తిప్పి తిప్పి ఎక్కించాలి. ఇప్పటి టచ్ తెరల ముందు అది నత్తనడకే. కానీ మబ్బు కుదిపేస్తున్నప్పుడు నాబ్ చేతికి చిక్కుతుంది, తెర మీద వేలు జారుతుంది. పైగా వేలాది పైలట్లు దాంట్లోనే నేర్చుకున్నారు. వేళ్లకు దారి తెలుసు. ఈ అలవాటు విలువ తెలిసిన ఎవిడైన్ కంపెనీ, 430 ట్రేలోకే నేరుగా దూరేలా, వైర్లు పెద్దగా మార్చే పని లేకుండా ఐఎఫ్‌డీ 440 తయారుచేసింది. పాతదాన్ని వదిలించుకోవడానికి కూడా పాతదాని కొలతలే ఆధారమయ్యాయి.

అలవాటు వల్ల మంచే కాదు, ప్రమాదం కూడా ఉంది. 430లో సీడీఐ అని ఒక బటన్ ఉంది. నొక్కితే దారి చూపే సూది జీపీఎస్ మాట వింటుంది, మళ్లీ నొక్కితే నేల మీది ఐఎల్‌ఎస్ మాట వింటుంది. ఐఎల్‌ఎస్ పట్టుకుని దిగుతున్నానని పైలట్ అనుకుంటూ ఉంటాడు, సూది ఇంకా జీపీఎస్‌నే చూపిస్తూ ఉంటుంది. పెట్టె అబద్ధమేమీ చెప్పలేదు, తాను ఎవరి మాట వింటున్నదో అక్కడే రాసింది. చదవాల్సినవాడే చదవలేదు.

అమెరికా రవాణా భద్రతా బోర్డు 2010లో ఒక అధ్యయనం ప్రచురించింది. 2002 నుంచి 2006 మధ్య తయారైన ఒంటి ఇంజిన్ చిన్న విమానాలను రెండు గుంపులు చేసింది. ఒకటి పాత గుండ్రటి డయళ్లతో ఉన్నవి, రెండోది పెద్ద తెరల కొత్త ప్యానెళ్లతో ఉన్నవి. కొత్త ప్యానెళ్ల విమానాలకు మొత్తం ప్రమాదాల రేటు తక్కువ. ప్రాణాలు పోయిన ప్రమాదాల రేటు మాత్రం ఎక్కువ. అవి ఎక్కువ దూరాలు, ఎక్కువ మబ్బుల్లో తిరిగేవి కావడం అందుకు కొంత కారణం. మొత్తమ్మీద భద్రత పెరిగినట్టు మాత్రం బోర్డుకు కనబడలేదు. ఆ పరికరాల మీద ప్రత్యేక శిక్షణ కావాలని సిఫారసు చేసింది.

1999 జూలై 16 రాత్రి అధ్యక్షుడు కెనడీ కొడుకు జాన్ ఎఫ్. కెనడీ జూనియర్ నడుపుతున్న పైపర్ సరటోగా మార్తాస్ వైన్‌యార్డ్ దీవి దగ్గర సముద్రంలో కూలింది. ఆయనతోపాటు భార్య, ఆమె అక్క చనిపోయారు. ఆ విమానంలో జీపీఎస్ ఉంది, ఆటోపైలట్ ఉంది. చీకట్లో, మసకలో, నీటికీ ఆకాశానికీ మధ్య గీత కనబడక పైలట్‌కు పైకీ కిందకీ తేడా తెలియకుండా పోయిందని దర్యాప్తు తేల్చింది. ఎక్కడున్నామో చెప్పే యంత్రం పక్కనే ఉన్నా, ఏ వైపు ఒరిగామో తెలియనివాడికి అది అక్కరకు రాలేదు.

తెరనే నమ్ముకునే జబ్బును పెద్ద విమానాలవాళ్లు ముందే గుర్తించారు. తెర మీద వెళ్లాల్సిన దారిని మెజెంటా రంగు గీతగా చూపిస్తారు. 1997లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ శిక్షకుడు కెప్టెన్ వారెన్ వాండర్‌బర్గ్ డాలస్‌లో చెప్పిన పాఠంలో, ఆ గీత తప్ప మరేమీ పట్టని పైలట్లను ‘మెజెంటా పిల్లలు’ అన్నాడు. గీత తేడా చేసినప్పుడు దాన్ని సరిదిద్దుతూ బటన్లు నొక్కుతూ కూర్చోవద్దు, యంత్రాన్ని ఒక మెట్టు తగ్గించు, అవసరమైతే కట్టేసి చేత్తో నడుపు అన్నది ఆయన సలహా. పెద్ద విమానంలో ఇద్దరు పైలట్లుంటారు. 172లో తల వంచుకుని బటన్లు నొక్కేవాడూ, తలెత్తి బయట చూడాల్సినవాడూ ఒక్కడే.

ఇంతా చేసి, తెలియదని నిజాయితీగా చెప్పే పెట్టెను కూడా నోరు నొక్కేయవచ్చు. జీపీఎస్ సంకేతం నేల చేరేసరికి చాలా బలహీనంగా ఉంటుంది. 2012లో న్యూజెర్సీలో ఒక డ్రైవర్, తన బండి ఎక్కడ తిరుగుతోందో యజమానికి తెలియకుండా ఉండటానికి చిన్న జామర్ పెట్టుకున్నాడు. అది పక్కనే ఉన్న న్యూవార్క్ ఎయిర్‌పోర్టు ల్యాండింగ్ వ్యవస్థకు అడ్డు తగిలింది. మరుసటి ఏడాది అతనికి ప్రతిపాదించిన జరిమానా 31,875 డాలర్లు. 2024 ఏప్రిల్‌లో ఎస్టోనియాలోని టార్టూ నగరానికి వెళ్లిన ఫిన్‌ఎయిర్ విమానాలు వరుసగా రెండు రోజులు దిగలేక హెల్సింకీకి తిరిగివచ్చాయి. అక్కడ జీపీఎస్‌కు అడ్డు తగిలింది, జీపీఎస్ లేకుండా దిగే దారి ఆ విమానాలకు ఆ ఎయిర్‌పోర్టులో లేదు. కంపెనీ నెల రోజులకు పైగా ఆ సర్వీసు ఆపేసింది.

అడ్డు తగిలితే నయమే, పసుపు హెచ్చరిక వస్తుంది. దొంగ సంకేతం పంపితేనే చిక్కు. అన్ని ఉపగ్రహాల గొంతునూ ఒకేసారి, ఒకదానికొకటి పొసిగేలా అనుకరిస్తే రెయిమ్‌కు తేడా దొరకదు. అక్కడ పెట్టె అరుగు మీది మొదటి పెద్దమనిషి అయిపోతుంది. తప్పుదారిని ధీమాగా చూపిస్తుంది. అప్పుడు దాన్ని నిలదీయడానికి వేరే జాతి సాక్షి కావాలి.

ఆ సాక్షి పేరు వీఓఆర్. రెండో ప్రపంచయుద్ధం అయిపోయాక వచ్చిన నేల రేడియో దీపస్తంభం. ఖర్చు తగ్గించుకోవడానికి ఎఫ్‌ఏఏ వీటిని కొద్దికొద్దిగా మూసేస్తూ 896 నుంచి సుమారు 590కి తెస్తోంది. పూర్తిగా మాత్రం తీసేయడం లేదు. జీపీఎస్ పోయినా, ఖండభాగపు అమెరికాలో దాదాపు ఎక్కడున్న విమానమైనా 100 నాటికల్ మైళ్లలోపు జీపీఎస్ అక్కర్లేకుండా దిగగల ఎయిర్‌పోర్టు దొరికేలా మిగతావాటిని ఉంచుతోంది. దేశం తన పాత రేడియో స్తంభాలను పూర్తిగా పీకేయలేదంటే, విమానం యజమాని తన పాత రిసీవర్‌ను ఎందుకు పీకించాలి?

కొనేముందు చూసుకోవాల్సిన సంగతి ఇదే. 430 తీయించి దాని స్థానంలో చవకగా వస్తుందని జీపీఎస్ 175 గానీ జీఎన్‌ఎక్స్ 375 గానీ పెట్టిస్తే, 430లో ఉన్న వీఓఆర్, ఐఎల్‌ఎస్ రిసీవర్లు, మాట్లాడే రేడియో దాంతోపాటే పోతాయి. ఈ కొత్తవాటిలో అవి లేవు. ప్యానెల్లో రెండో రేడియోకి వీఓఆర్ ఉంటే సరే. లేకపోతే కాస్త ఎక్కువ పోసి జీపీఎస్, వీఓఆర్ రెండూ ఉన్న పెట్టె కొనాలి, లేదా ఉన్న 430తోనే సరిపెట్టుకోవాలి. కొత్తది బిగించాక మొదటి కొన్ని గంటలు ఎండరోజున శిక్షకుణ్ని పక్కన కూర్చోబెట్టుకుని ఎగరాలి, మబ్బులోకి ఆ తర్వాతే. ఉంచుకున్న వీఓఆర్‌ను ఐఎఫ్‌ఆర్‌లో వాడాలంటే 30 రోజులకోసారి సరిచూసి, తేదీ, చోటు, ఎన్ని డిగ్రీల తేడా వచ్చిందో రాసి సంతకం పెట్టాలి. ఆ పరీక్షకు రూపాయి ఖర్చు లేదు.